స్పైడర్ ప్లాంట్: ఆఫ్రికా అడవి అంచు నుంచి వచ్చిన కుండీ మొక్క

స్పైడర్ ప్లాంట్ ఆఫ్రికా ఖండానికి చెందిన బహువార్షిక గుల్మం. దీని శాస్త్రీయ నామం క్లోరోఫైటమ్ కొమోసమ్. గడ్డిపోచల్లాంటి సన్నని పొడవాటి ఆకులు, నేలలో తెల్లని కండగల వేర్లు, పూకాడల చివర వేలాడే పిల్ల మొక్కలు దీని ముఖ్య లక్షణాలు. ప్రపంచంలో ఎక్కువగా పెంచే ఇంటి మొక్కల్లో ఇదొకటి. మన ఊళ్లలో బాల్కనీల్లో, ఆఫీసు కిటికీల దగ్గర, ఆసుపత్రుల వరండాల్లో కనిపించేవి చాలావరకు తెల్లచారల సాగు రకాలు. అడవిలో పెరిగే అసలు మొక్క ఆకు నిండా పచ్చగా ఉంటుంది.

నీళ్లు పోయడం మరిచినా బతుకుతుందని, నీడలోనూ పెరుగుతుందని, ఒక కుండీ తెచ్చుకుంటే ఏడాదిలో పది కుండీలవుతుందని దీనికి పేరు. ఈ గుణాలేవీ కుండీలో పుట్టినవి కావు. ఆఫ్రికాలో చెట్ల నీడ పలచబడి ఎండ మొదలయ్యే చోట, వానకూ ఎద్దడికీ మధ్య బతకడానికి ఈ మొక్క సమకూర్చుకున్న సాధనాలే అవి. ఆ నేలను తెలుసుకుంటే దీని వేరు ఎందుకు లావుగా ఉందో, ఆకు ఎందుకు మడత పడిందో, పూకాడ ఎందుకు వంగుతుందో తేలిగ్గా అర్థమవుతుంది.

పేరు, వర్గీకరణ

ఈ మొక్కను శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ పీటర్ థన్‌బర్గ్. ఆయన లిన్నేయస్ శిష్యుడు. 1772లో ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ ప్రాంతానికి చేరి, 1775 దాకా అక్కడే ఉండి, లోతట్టు ప్రాంతాలకు ప్రయాణాలు చేసి వేల మొక్కలు సేకరించాడు. అక్కడి నుంచి జావా మీదుగా జపాన్ వెళ్లాడు. దక్షిణాఫ్రికా వృక్షశాస్త్రానికి పితామహుడని ఆయనను గౌరవిస్తారు. కేప్ మొక్కల గురించి 1794లో వెలువరించిన గ్రంథంలో ఈ మొక్కకు ఆంథెరికమ్ కొమోసమ్ అని పేరు పెట్టాడు.

క్లోరోఫైటమ్ అనే ప్రజాతిని ఏర్పరచింది ఇంగ్లండుకు చెందిన జాన్ బెలెండెన్ కెర్ గాలర్, 1807లో. థన్‌బర్గ్ మొక్కను ఆ ప్రజాతిలోకి మార్చింది ఫ్రెంచి తోట నిపుణుడు జాక్, 1862లో. ఈ రెండు మార్పుల మధ్యకాలంలోనూ ఆ తర్వాతా నర్సరీల్లో పేర్లు బాగా కలగాపులగమయ్యాయి. క్లోరోఫైటమ్ ఎలాటమ్, క్లోరోఫైటమ్ కాపెన్సే అనే పేర్లతో పాత తోట పుస్తకాల్లో కనిపించేది ఎక్కువగా ఈ మొక్కే. నిజమైన కాపెన్సే దక్షిణాఫ్రికాలోనే పెరిగే వేరొక జాతి. దాని పూకాడలకు పిల్ల మొక్కలు రావు. రెంటినీ విడదీయడానికి అదే తేలికైన గుర్తు.

కుటుంబం విషయంలోనూ మార్పులు జరిగాయి. ఆరు రేకుల పువ్వు, ఏకదళబీజ లక్షణాలు చూసి మొదట లిల్లీల కుటుంబంలో చేర్చారు. తర్వాత కొందరు ఆంథెరికేసి అనే చిన్న కుటుంబంలోకి మార్చారు. డీఎన్ఏ ఆధారంగా సాగిన వర్గీకరణలో, 2009 నుంచి, ఇది విస్తరించిన ఆస్పరాగేసి కుటుంబంలో, అగావాయిడే ఉపకుటుంబంలో స్థిరపడింది. మన పొలాల గట్ల మీద ముళ్ల కంచెగా పెంచే కిత్తనార, దండల్లో గుచ్చే లిల్లీ పూల మొక్క కూడా ఈ ఉపకుటుంబంలోనివే. పిల్లిపీచర, చాగనార మొక్కలు అదే కుటుంబంలో కొంచెం దూరపు బంధువులు.

క్లోరోఫైటమ్ ప్రజాతిలో దాదాపు 200 జాతులున్నాయి. ఎక్కువ భాగం ఆఫ్రికావి. కొన్ని భారతదేశంలోనూ, ఆగ్నేయాసియాలోనూ, ఆస్ట్రేలియా ఉత్తర భాగంలోనూ పెరుగుతాయి.

సొంత నేల

పశ్చిమాన సియెర్రా లియోన్, గినీ, లైబీరియా, ఘనా, నైజీరియా, కామెరూన్, తూర్పున ఇథియోపియా, కెన్యా, ఉగాండా, టాంజానియా, మధ్యన కాంగో, దక్షిణాన మలావి, మొజాంబిక్, జింబాబ్వే, ఎస్వాతినీ, దక్షిణాఫ్రికా. ఇంత పెద్ద భూభాగంలో ఈ జాతి సహజంగా పెరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఏడాదంతా తడి ఉండే వానల అడవులు, దక్షిణాన చలికాలం స్పష్టంగా తెలిసే కొండ అడవులు రెండూ దాని ఇలాకాలోనివే. ఇంత తేడా ఉన్న వాతావరణాల్లో పెరిగేటప్పుడు మొక్క రూపం కూడా చోటును బట్టి మారింది.

ఆ తేడాలను పరిశీలించి, పౌల్సెన్, నోర్డాల్ అనే శాస్త్రవేత్తలు 2005లో ఈ జాతిని మూడు రకాలుగా విభజించారు. మొదటిది కొమోసమ్ రకం. దీని ఆకులు సన్నం, వెడల్పు సాధారణంగా రెండు సెంటీమీటర్లు దాటదు, పూకాడలకు పిల్ల మొక్కలు వస్తాయి. ఇది అడవుల అంచుల్లో పెరుగుతుంది. మిగతా రెండూ గినీ తీరం నుంచి కాంగో దాకా పరుచుకున్న వానల అడవుల మేఖలకు చెందినవి. స్పార్సిఫ్లోరమ్ రకం ఆకులు వెడల్పుగా ఉండి మొదట్లో సన్నబడతాయి. కామెరూన్‌లోని బిపిండి పేరు మీదుగా పిలిచే బిపిండెన్సే రకానికి ఆకు కాడ స్పష్టంగా కనిపిస్తుంది. ఈ రెంటికీ పిల్ల మొక్కలు రావు. వాటిని చూసినవారు స్పైడర్ ప్లాంట్ అని పోల్చుకోలేరు. దట్టమైన నీడలో వెడల్పాకు, వెలుగున్న అంచుల్లో సన్నాకు అన్న తీరు ఈ మూడింటిలో చక్కగా కనిపిస్తుంది.

మన కుండీల్లోకి వచ్చింది అంచుల్లో పెరిగే కొమోసమ్ రకం. దక్షిణాఫ్రికాలో ఇది తూర్పు భాగాన ఎక్కువ. ఈస్టర్న్ కేప్, క్వాజులు-నటాల్ ప్రాంతాల్లోని అడవుల్లో, నదీలోయల్లో, దట్టమైన పొదల మధ్య గుంపులు గుంపులుగా నేలను కప్పి పెరుగుతుంది. క్లైవియా, స్ట్రెప్టోకార్పస్, ప్లెక్ట్రాంథస్ వంటి మొక్కల పుట్టిల్లు కూడా ఈ అడవుల నేలే. అవన్నీ ఇంటి మొక్కలుగా పేరు తెచ్చుకోవడం కాకతాళీయం కాదు. చెట్ల కింద వడగట్టిన వెలుతురుకు అలవాటుపడిన మొక్క గది కిటికీ వెలుతురులోనూ సర్దుకుంటుంది.

అడవి అంచు అనేది మొక్కకు సుఖమైన చోటేమీ కాదు. అడవి లోపల తేమ నిలకడగా ఉంటుంది గాని వెలుతురు చాలదు. బయట మైదానంలో వెలుతురుంది గాని ఎండ కాలుస్తుంది, గడ్డి పోటీకొస్తుంది. అంచున ఈ రెండూ రోజులో కొన్ని గంటలకోసారి మారిపోతుంటాయి. పైగా దక్షిణాఫ్రికా తూర్పు భాగాన వానలు ఎక్కువగా వేసవిలో పడతాయి, చలికాలం పొడిగా గడుస్తుంది. పొదల మధ్య పలచని మట్టిలో వేరూనిన మొక్కకు ఆ నెలలు గడవాలంటే నీరు దాచుకోక తప్పదు.

నేల కింద

కుండీ మార్చేటప్పుడు స్పైడర్ ప్లాంట్‌ను పైకి లాగి చూస్తే దాని బలం తెలుస్తుంది. నేల కింద కాండమైన పొట్టి కొమ్ము చుట్టూ తెల్లని, నునుపైన, ముల్లంగి పిందెల్లాంటి వేర్లు కిక్కిరిసి ఉంటాయి. ఒక్కొక్కటి సాధారణంగా 5 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు. గోటితో గిచ్చితే నీరు ఊరుతుంది. వీటి నుంచి సన్నని పీచువేర్లు బయలుదేరి మట్టిలోకి చొచ్చుకుపోతాయి. పీల్చేవి పీచువేర్లు, దాచేవి లావు వేర్లు.

నీటితో పాటు పిండిపదార్థాలు కూడా ఈ వేర్లలోనే నిలవ ఉంటాయి. పైనున్న ఆకులు ఎండకో, చలికో, పశువుల నోటికో పోయినా కొమ్ము మీది మొగ్గ నుంచి మళ్లీ కుదురు లేస్తుంది. నీళ్లు పోయక ఆకులన్నీ వాడి వాలిపోయిన కుండీ, రెండు రోజులు తడి తగిలేసరికి తేరుకోవడానికి కారణం ఇదే. మొక్క పాతబడేకొద్దీ వేర్లు కుండీ నిండిపోయి, మట్టిని, మొక్కను పైకి నెడతాయి. పలచని ప్లాస్టిక్ కుండీలు ఉబ్బడం, ఒక్కోసారి పగలడం పెంచేవారందరికీ తెలిసిన సంగతే.

ఈ బలానికి ఎదురు బలహీనత ఒకటుంది. దాచుకునే వేరు నిత్యం నీటిలో నానితే కుళ్లుతుంది. అడవి అంచు నేలలో ఆకుల ఎరువు, రాతి ముక్కలు కలిసి ఉండటం వల్ల నీరు నిలవదు. కుండీ అడుగున రంధ్రం లేనప్పుడు, లేదా కింద పళ్లెంలో నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉన్నప్పుడు ఈ మొక్క చనిపోయేది దాహంతో కాదు, వేరుకుళ్లుతో.

ఆకు

ఆకులన్నీ కొమ్ము నుంచి నేరుగా కుదురుగా వస్తాయి. నేల పైకి కాండమంటూ కనిపించదు. మొక్క ఎత్తు దాదాపు 60 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఆకు పొడవు 20 నుంచి 45 సెంటీమీటర్లు, వెడల్పు 6 నుంచి 25 మిల్లీమీటర్లు. చాలా ఏకదళబీజ మొక్కల్లాగే ఈనెలు సమాంతరంగా సాగుతాయి. చూడటానికి గడ్డిలా ఉన్నా గడ్డి కుటుంబంతో దీనికి సంబంధం లేదు. గడ్డి కాండానికి కణుపులు, ఆకుకు కాండాన్ని చుట్టుకునే ఒర ఉంటాయి, దీనికి లేవు.

ఆకును అడ్డంగా కోసి చూస్తే మధ్యలో లోతుగా, అంచులు పైకి లేచి కాలువలా కనిపిస్తుంది. చిన్న జల్లు పడినా ఆ చుక్కలు ఆకు మధ్య గాడి వెంట జారి కుదురు మొదట్లోకి చేరతాయి. అక్కడే వేర్లున్నాయి. చెట్ల ఆకుల మీద నుంచి ఆగి ఆగి రాలే నీటిని అందుకోవాల్సిన మొక్కకు ఇది పనికొచ్చే ఏర్పాటు. మొదట్లో నిటారుగా లేచిన ఆకు పొడవు పెరిగాక విల్లులా వంగుతుంది. అలా అన్ని దిక్కులకూ విచ్చుకున్న ఆకులు ఒకదానికొకటి నీడ కాకుండా పక్కవాటు వెలుతురును పట్టుకుంటాయి.

పువ్వు, కాయ, గింజ

ఈ మొక్కకు పూలు వస్తాయని చాలామంది గమనించరు. ఆకుల మధ్య నుంచి సన్నని పూకాడ బయటికొచ్చి, 75 సెంటీమీటర్ల దాకా సాగి, బరువుకు నేల వైపు వంగుతుంది. దాని మీద అక్కడక్కడా ఒక్కో పుచ్ఛం (పూల అడుగున ఉండే చిన్న ఆకు) మొదట్లో ఒకటి నుంచి ఆరు పూల దాకా చిన్న గుత్తులుగా పూస్తాయి. పువ్వు తెలుపు. సెపల్స్, పెటల్స్ అనే తేడా లేకుండా ఆరు పరిపత్రాలు ఒకేలా ఉంటాయి. ఒక్కొక్కటి 6 నుంచి 9 మిల్లీమీటర్ల పొడవు, దాని మీద మూడు ఈనెలు. మధ్యన ఆరు కేసరాలు, వాటి చివర పసుపు పరాగకోశాలు. భూతద్దంతో చూస్తే దండలో లిల్లీకీ దీనికీ ఉన్న చుట్టరికం పోల్చుకోవచ్చు.

ఫలదీకరణ జరిగితే మూడు పలకలుగా ఉబ్బిన ఆకుపచ్చ గుళిక తయారవుతుంది. పొడవు 3 నుంచి 8 మిల్లీమీటర్లే. ఎండాక మూడుగా పగిలి చదునైన నల్లని గింజలు రాలుస్తుంది. గింజ నుంచి మొలిచిన మొక్కకు తల్లి చారలు సాధారణంగా రావు. అందుకే నర్సరీల వారు గింజల జోలికి పోరు. అడవిలో మాత్రం గింజకు దాని విలువ ఉంది. కొత్త జన్యు కలయికలు పుట్టేది, తల్లి కుదురుకు దూరంగా కొత్త చోటు దొరికేది గింజ ద్వారానే.

వేలాడే పిల్లలు

పువ్వులు రాలిన పూకాడ మీదనే ఈ మొక్క అసలు విశేషం మొదలవుతుంది. పుచ్ఛాల మొదట్లో, ముఖ్యంగా కాడ చివర, చిన్న ఆకుల కుదురు లేస్తుంది. కొద్ది వారాల్లో అది పూర్తి రూపం దాల్చిన పిల్ల మొక్క అవుతుంది. ఒక్కో కాడకు అనేక పిల్లలు రావచ్చు. ఆ పిల్లల బరువుకు కాడ ఇంకా వంగుతుంది. వేలాడదీసిన కుండీ నుంచి అవి దారాల చివర సాలీళ్లలా ఊగుతుంటాయి, ఇంగ్లిష్ పేరుకు మూలం అదే. దక్షిణాఫ్రికాలో మాత్రం దీన్ని కోడి-పిల్లలు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.

పిల్లను చేతిలోకి తీసుకుని అడుగు భాగం చూడాలి. ఆకుల మొదట్లో తెల్లని చిన్న బొడిపెలు వరుసగా కనిపిస్తాయి. ఇవి అబ్బురపు వేర్ల మొదళ్లు. మట్టి తగలకముందే, గాలిలో ఉండగానే, మొక్క వీటిని సిద్ధం చేసి ఉంచుతుంది. తడి నేల తాకిన కొద్ది రోజుల్లో అవి సాగి వేర్లవుతాయి. నీళ్ల గ్లాసులో పెట్టినా అంతే. అడవిలో కాడ నేలకు వాలి పిల్ల వేరూనాక కొంతకాలం తల్లి నుంచి నీరు, ఆహారం అందుతూనే ఉంటాయి. తర్వాత కాడ ఎండిపోతుంది, పిల్ల సొంతంగా బతుకుతుంది. ఇలా ఏళ్ల తరబడి సాగితే ఒకే జన్యువులున్న కుదుళ్లు నేలంతా పరుచుకుంటాయి. దక్షిణాఫ్రికా అడవుల్లో గుంపులుగా కనిపించడానికి కారణం ఇదే.

ఈ వేలాడే కాడను రన్నర్ అనో, స్టోలన్ అనో పిలవడం వాడుకలో ఉంది. స్ట్రాబెరీ రన్నర్‌కూ దీనికీ తేడా ఉంది. స్ట్రాబెరీలో నేల మీద పాకేది పూలతో సంబంధం లేని శాఖ. స్పైడర్ ప్లాంట్‌లో పిల్లలను మోసేది పుష్పవిన్యాసమే. పువ్వు పూయాల్సిన చోట మొగ్గ పిల్ల మొక్కగా మారుతుంది. ఈ లక్షణం దీని దగ్గరి బంధువైన కిత్తనారలోనూ ఉంది. కిత్తనార మొక్క జీవితంలో ఒకేసారి స్తంభంలా పూకాడ వేస్తుంది. పూలు రాలిన చోట వందలాది చిన్న మొక్కలు పుట్టి, రాలి, చుట్టూ వేరూనుతాయి. రైలు కట్టల పక్కన, చేల గట్ల మీద ఈ దృశ్యం తెలుగు జిల్లాల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. తేడా ఒక్కటే. కిత్తనార పూశాక చనిపోతుంది, స్పైడర్ ప్లాంట్ ఏటా మళ్లీ పూస్తుంది.

పగటి నిడివి లెక్క

కొన్ని ఇళ్లలో మొక్క పచ్చగా, పుష్టిగా ఉంటుంది గాని ఎన్నాళ్లకూ పిల్లలు పెట్టదు. వయసు, పోషణతో పాటు దీనికి పగటి నిడివి కూడా కారణం. తోట సాగులో జరిగిన ప్రయోగాలు ఈ సంగతి తేల్చాయి. పగలు 12 గంటలకన్నా తక్కువగా, రాత్రి పొడవుగా, మధ్యలో వెలుగు పడకుండా కనీసం మూడు వారాలు గడిస్తే మొక్క పూకాడలు, పిల్లలు బాగా వేస్తుంది.

హైదరాబాద్‌లో జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరులో 11 గంటలకు తగ్గుతుంది. సెప్టెంబరు చివర నుంచి మార్చి నడిమి దాకా పగలు రాత్రికన్నా తక్కువే. అంటే మన దగ్గర ఆరుబయట పెరిగే మొక్కకు ఈ సంకేతం ఏటా దానంతటదే అందుతుంది. రాత్రంతా లైటు వెలిగే వరండాలోనో, వీధి దీపం నేరుగా పడే బాల్కనీలోనో ఉన్న మొక్కకు ఆ చీకటి చెడిపోతుంది. అలాంటి కుండీని చీకటి మూలకు జరిపితే ఫలితం ఉండవచ్చు. బాగా లేత మొక్కలు మాత్రం వేర్లలో నిలవ కూడేదాకా పిల్లలు వేయవు.

తెల్లచారల రకాలు

ఇళ్లలో రెండు చారల రకాలు ఎక్కువ. విటాటమ్ అనే రకంలో ఆకు మధ్యన తెల్లచార, అంచులు పచ్చన; పూకాడలు తెలుపు కలిసిన రంగులో ఉంటాయి. వేరిగేటమ్ రకంలో అంచులు తెలుపు, మధ్య పచ్చన. పూకాడలు పచ్చగా ఉంటాయి. ఆకులో అనుమానం వచ్చినా కాడ రంగు చూసి తేల్చుకోవచ్చు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ ఈ రెండు రకాలకూ మంచి తోట మొక్కలకిచ్చే తన గుర్తింపును ఇచ్చింది. బోనీ అనే మూడో రకానికి ఆకులు మెలితిరిగి ఉంగరాల జుట్టులా కనిపిస్తాయి.

తెల్లచార ఉన్న చోట కణాల్లో పత్రహరితం ఉండదు. ఆ మేరకు ఆహారం తయారీ తగ్గుతుంది. కాబట్టి చారల మొక్క నిండు పచ్చని మొక్కకన్నా నెమ్మదిగా పెరుగుతుంది, దానికి కొంచెం ఎక్కువ వెలుతురు కావాలి. ఒక్కోసారి చారల కుదురులో నిండు పచ్చని పిలక లేస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే వేగంగా పెరిగి మిగతా కుదురును కమ్మేస్తుంది. చారలు నిలవాలంటే ఆ పిలకను వేరుతో సహా తీసేయాలి. పిల్ల మొక్కలు తల్లి కణజాలం నుంచే నేరుగా పుడతాయి గనుక చారలను నిలబెట్టుకుంటాయి. తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల వంటి చోట్ల ఈ మొక్కను పెద్ద ఎత్తున పెంచగలగడానికి ఈ పద్ధతి తేలికే ఆధారం.

మనుషులతో పొత్తు

దక్షిణాఫ్రికాలోని న్గూని ప్రజలకు ఇది అలంకార మొక్క మాత్రమే కాదు. బాలింతనూ పసిబిడ్డనూ కాపాడే రక్షగా వారున్న గదిలో ఈ మొక్కను ఉంచుతారు. వేర్లు వేసిన నీటిని గర్భిణికి తాగించే ఆచారం, పసిపిల్లలకు విరేచనకారిగా వాడే ఆచారం అక్కడ నమోదయ్యాయి. 

యూరప్‌లో దీన్ని ఆదరించిన ప్రముఖుల్లో జర్మన్ మహాకవి గేటే ఒకడు. ఆయనకు కవిత్వంతో పాటు వృక్షశాస్త్రం మీదా లోతైన ఆసక్తి ఉండేది. మొక్కలోని భాగాలన్నీ ఒకే మూలరూపం నుంచి మారుతూ వచ్చినవని వాదిస్తూ 1790లో ఒక గ్రంథం రాశాడు. జీవితం చివరి సంవత్సరాల్లో వైమార్ నగరంలో ఈ మొక్క ఆయన కంటబడింది. పూకాడ మీదనే ఆకుల కుదురు పుట్టడం ఆయన ఆలోచనకు కళ్లెదుటి ఉదాహరణ. పిల్ల మొక్కలను మిత్రులకు పంచిపెట్టాడు.

పెంపుడు జంతువులున్న ఇళ్లకు కూడా ఇది అనువైనది. పిల్లులకు, కుక్కలకు విషం కాని మొక్కల జాబితాలో అమెరికాకు చెందిన ఏఎస్‌పీసీఏ దీన్ని చేర్చింది. పిల్లులు దీని ఆకులు కొరకడానికి ఇష్టపడతాయి. ఎక్కువగా తింటే కడుపు కొంచెం చెడవచ్చు గాని ప్రాణభయం లేదు.

గాలిని శుభ్రం చేస్తుందా?

స్పైడర్ ప్లాంట్ గదిలోని విషవాయువులను పీల్చేస్తుందన్న మాట నర్సరీ బోర్డుల మీద, వాట్సాప్ సందేశాల్లో తరచూ కనిపిస్తుంది. ఈ మాటకు పునాది అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేసిన పరిశోధన. నాసా శాస్త్రవేత్త బిల్ వోల్వర్టన్ బృందం 1984లో ప్రచురించిన ప్రయోగాల్లో స్పైడర్ ప్లాంట్ సహా కొన్ని మొక్కలను గాలి చొరని పెట్టెల్లో ఉంచి ఫార్మాల్డిహైడ్ పంపారు. వాయువు మోతాదు గణనీయంగా తగ్గింది. 1989లో మరిన్ని మొక్కలతో నాసా నివేదిక వచ్చింది. ఆ ఫలితాలు సరైనవే. వాటిని మూసిన పెట్టె నుంచి ఇంటి గదికి యథాతథంగా వర్తింపజేయడంలోనే పొరపాటుంది.

గదిలో తలుపుల సందుల నుంచి, కిటికీల నుంచి గాలి నిరంతరం మారుతుంటుంది. మొక్క పీల్చే వేగం దాని ముందు చాలా తక్కువ. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కమింగ్స్, వారింగ్ 2019లో వెలువరించిన సమీక్షలో, 12 అధ్యయనాల్లోని 196 ప్రయోగ ఫలితాలను ఒకే కొలమానంలోకి తెచ్చి లెక్కగట్టారు. మామూలు గాలి మార్పిడితో సమానమైన ఫలితం రావాలంటే నేల ప్రతి చదరపు మీటరుకు 10 నుంచి 1000 దాకా మొక్కలు కావాలని తేలింది. వంద చదరపు అడుగుల గదికి కనీసం తొంభై కుండీలన్నమాట. ఇంటి గాలి బాగుండాలంటే కిటికీ తెరవడమే మేలైన ఉపాయం. మొక్కను దాని అందం కోసం, పెరిగే తీరు కోసం పెంచుకోవాలి.

ఆకు కొస ఎందుకు మాడుతుంది

ఈ మొక్క పెంచేవారు ఎక్కువగా చెప్పే ఇబ్బంది ఆకు కొసలు గోధుమ రంగుకు మారి ఎండడం. పొడిగాలి, ఎరువు లవణాలు కూడుకోవడం, నీరు సక్రమంగా అందకపోవడం కొంతవరకు కారణాలు. మరో ముఖ్య కారణం ఫ్లోరైడ్. వేరు పీల్చిన నీటితో పాటు ఫ్లోరైడ్ ఆకులోకి ప్రయాణిస్తుంది. నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడ్ కొస దగ్గర మిగిలిపోతుంది. రోజురోజుకీ అక్కడ పేరుకుని కణాలను చంపుతుంది. సన్నని పొడవాటి ఆకులో చిట్టచివరి చోటు కొసే గనుక దెబ్బ ముందు అక్కడ కనబడుతుంది.

తెలుగు నేలకు ఈ సంగతి దగ్గరిది. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని తొలిసారి వైద్య పత్రికల్లో నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. నల్గొండ జిల్లా బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తరతరాలను బాధించింది. నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తొలగించే ఒక పద్ధతికి నల్గొండ పేరే స్థిరపడింది. మనుషుల ఎముకలను వంచిన ఆ నీరే ఈ మొక్క ఆకు కొసనూ మాడ్చగలదు. అలాంటి ప్రాంతాల్లో వాన నీరు పట్టి పోయడం మంచిది. సూపర్ ఫాస్ఫేట్ ఎరువులోనూ కొంత ఫ్లోరైడ్ ఉంటుంది, కాబట్టి దాన్ని ఈ మొక్కకు వేయకపోవడం మేలు. మట్టి పులుపు ఎక్కువైతే ఫ్లోరైడ్ వేరుకు తేలిగ్గా అందుతుంది. కొద్దిగా సున్నం కలిపి పులుపు తగ్గిస్తే నష్టం తగ్గుతుంది.

వెలుతురు విషయంలో అడవి అంచును గుర్తుంచుకుంటే చాలు. తూర్పు కిటికీ వెలుగు బాగా సరిపోతుంది. మన ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలితే తెల్లచారలు ముందు కమిలిపోతాయి. మట్టి పైపొర ఆరాకే నీళ్లు పోయాలి. వేర్లు కుండీ నిండినప్పుడు కుదురును చేత్తో రెండు మూడు భాగాలుగా విడదీసి నాటుకోవచ్చు.

మన కొండల్లోని చుట్టాలు

ఇదే ప్రజాతికి చెందిన దాదాపు ఇరవై జాతులు భారతదేశంలో పెరుగుతాయి. వాటిలో ఎక్కువ భాగం పశ్చిమ కనుమల్లో ఉన్నాయి. తూర్పు కనుమల్లో, దక్కన్ పీఠభూమి అడవుల్లో క్లోరోఫైటమ్ ట్యూబరోసమ్ అనే జాతి కనిపిస్తుంది. దీన్ని మొదట వర్ణించినది విలియం రాక్స్‌బర్గ్. కోరమాండల్ తీరం మొక్కలను అధ్యయనం చేస్తూ సామర్లకోటలో ఏళ్ల తరబడి పనిచేసిన వృక్షశాస్త్రవేత్త ఆయన. ఈ జాతి ఆఫ్రికాలోనూ సహజంగా పెరుగుతుంది. తొలకరి పడగానే నేలలోంచి వెడల్పాటి ఆకులు, స్పైడర్ ప్లాంట్ పూలకన్నా పెద్దవైన తెల్లని పూలు లేస్తాయి. వానలు వెనకబట్టాక పైభాగమంతా ఎండిపోతుంది. మళ్లీ తొలకరి దాకా మొక్క దుంపవేర్లలోనే దాక్కుంటుంది. వేర్లలో నిలవ పెట్టే ఈ ప్రజాతి పద్ధతి మన రుతుపవనాల నేలలో ఇలా రూపుదిద్దుకుంది.

బాగా పేరున్న మరో చుట్టం సఫేద్ ముస్లీ, అంటే క్లోరోఫైటమ్ బోరివిలియానమ్. ముంబైలోని బోరివలి పేరు మీద 1950లలో శాంతాపౌ, ఫెర్నాండెజ్ దీన్ని వర్ణించారు. దీని వేర్లను ఎండబెట్టి బలానికి వాడే మందుల్లో ఉపయోగిస్తారు. ధర ఎక్కువ పలకడంతో అడవుల్లో విచ్చలవిడిగా తవ్వారు. పూత, గింజ రాకముందే వేరుతో సహా తీసేయడం వల్ల చాలాచోట్ల మొక్క అరుదైపోయింది. ఆ ఒత్తిడి తగ్గించడానికి రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర రైతులతో సాగు మొదలైంది.

స్పైడర్ ప్లాంట్ పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. దాని కోసం ఎవరూ అడవిని తవ్వాల్సిన అవసరం లేదు, ఒక్క కుండీ నుంచి కావలసినన్ని పిల్లలు వస్తాయి. దక్షిణాఫ్రికా మొక్కల జాబితాలో దీన్ని ముప్పు లేని జాతిగా పేర్కొన్నారు. పైగా తోటల నుంచి బయటపడి కొత్త దేశాల్లో స్థిరపడుతోంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇది తోటల బయట దానంతటదే పెరుగుతూ కనిపిస్తోంది. తోట చెత్తతో పాటు పారేసిన ఒక్క పిల్ల మొక్కకు తడి నేల, కొంచెం నీడ దొరికితే అక్కడ గుంపు మొదలవుతుంది. ఆ వాతావరణం మన తూర్పు కనుమల సెలయేళ్ల పక్కనా ఉంది. కత్తిరించిన కాడలను, మిగిలిన పిల్లలను కొండవాగుల దగ్గర, అడవి దారుల్లో పారేయకుండా ఇంట్లోనే ఎండబెట్టి ఎరువు గుంటలో వేస్తే అక్కడి ట్యూబరోసమ్ వంటి స్థానిక జాతులకు కొత్త పోటీ రాదు.